రాజ్యాంగ సవరణము ఏల కష్టసాధ్యముగ నుండవలెను?

శాసనసభలు ఏటేట పెక్కు శాసనములను చేయుచున్నవి. అక్కరకు రానివానిని రద్దు చేయుచున్నవి. నిన్న లేని పన్ను నేడు వచ్చును. నేడున్న నిబంధన రేపు పోవును. దీని కెవ్వరును ఆశ్చర్యపడరు. కాని దేశ రాజ్యాంగములో ఒక్క వాక్యము మార్చవలెనన్నచో, అనేక దేశములలో అది కొండ నెక్కుట వంటి పని యగుచున్నది. ప్రజలే ప్రభువులైనప్పుడు, వారిలో నెక్కువమంది కోరినది వెంటనే జరుగకుండ గోడలు కట్టుట న్యాయమా? ఎప్పుడో గతించిన పెద్దల వ్రాతకు నేడు బ్రతికి యున్నవారు కట్టుబడి యుండవలెనా? పై తరగతుల విద్యార్థులు పౌరశాస్త్రము చదువునపుడు తరచుగ నడుగు ప్రశ్న లివి. వార్తాపత్రికలు చదువు తల్లిదండ్రులకును ఇట్టి సందేహము కలుగుచునే యుండును. ప్రశ్న తగినదే. దానికి మాకు తోచిన సమాధానము నిచట మనవి చేయుచున్నాము.

సామాన్య శాసనమునకును రాజ్యాంగమునకును గల భేదమును మొదట గుర్తింపవలెను. సామాన్య శాసనము ప్రజలను కట్టుబరచును. రాజ్యాంగము ఆ శాసనములు చేయువారినే కట్టుబరచును. సంతలో ధాన్యము కొలుచు వర్తకుడు ధరను హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును, అది బేరము. కాని తన చేతిలోని కుంచమును తన యిష్టము వచ్చినట్లు చిన్నది చేయుటకు కూడ వానికి అధికారమున్నచో, ఇక బేరమున కర్థమేమి? శాసనములు ధరల వంటివి. రాజ్యాంగము కుంచము వంటిది. కొలుచువాడే కొలపాత్రను మార్చుకొనకుండుటకై దానికొక కాపుదల యుండవలెను. సవరణమునకు పెట్టిన కష్టమే ఆ కాపుదల.

ఈ కష్టము ఎంత యుండవలెనన్నదే అసలు వివాదము. ఇందుకు అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్ర మంచి పాఠము. 1781 లో ఆ దేశమున అమలులోనికి వచ్చిన మొదటి ఒడంబడిక ప్రకారము, దానిలో నే చిన్న మార్పు చేయవలెనన్నను 13 రాష్ట్రముల శాసనసభలును ఏకగ్రీవముగ నంగీకరింపవలెను. స్వాతంత్ర్య యుద్ధముచేత అప్పులపాలైన కేంద్ర సభకు పన్ను విధించు అధికారమే లేదు. దిగుమతి సరకులపై నూటికి 5 వంతుల సుంకము వేయనిమ్మని ఆ సభ 1781 లో రాష్ట్రములను కోరెను. అన్నిటికంటె చిన్నదైన రోడ్ ఐలండు 1782 లో వలదనెను. అంతటితో ఆ ప్రయత్నము నిలిచిపోయెను. తరువాత కొంత మార్చి మరల ప్రయత్నింపగా న్యూయార్కు రాష్ట్రము అడ్డుపడెను. తుదకు 1787 లో ఫిలడెల్ఫియాలో సమావేశమైన ప్రతినిధులు ఆ ఒడంబడికను సవరించుట మాని, మొత్తముగ ప్రక్కనబెట్టి క్రొత్త రాజ్యాంగమునే వ్రాసిరి. 9 రాష్ట్రములు ఒప్పుకొన్న చాలునని నియమము పెట్టుకొనిరి. ఒక్క మాసిక కూడ వేయనీయని వస్త్రమును తుదకు పారవేయవలసి వచ్చినది. తలుపు బొత్తిగ తెరువరానిదైనచో జనులు గోడ పగులగొట్టుదురని ఈ చరిత్ర తెలుపుచున్నది.

ఆ అనుభవము కలవారు గనుకనే క్రొత్త రాజ్యాంగము 5వ అధికరణములో నడిమి మార్గమును నిర్ణయించిరి. కాంగ్రెసులోని రెండు సభలలోను మూడింట రెండు వంతుల వోటుతో సవరణము ప్రతిపాదింపబడవలెను. పిమ్మట రాష్ట్రములలో నాలుగింట మూడు వంతులు దానిని ధ్రువపరుపవలెను. మూడింట రెండు వంతుల రాష్ట్రములు కోరినచో ప్రతిపాదనలకై ప్రత్యేక సమావేశమును పిలుచు మార్గము కూడ కలదు గాని, అది యింతవరకు ఉపయోగింపబడలేదు.

ఇప్పుడు విద్యార్థులు పలకయు బలపమును తీసికొని లెక్క వేయుదురు గాక. నేడు ఆ దేశమున 50 రాష్ట్రములు కలవు. నాలుగింట మూడు వంతులన్నచో 38 కావలెను. కావున 13 రాష్ట్రములు కదలక కూర్చున్న చాలును, సవరణము ఆగిపోవును. రాష్ట్రముల జనసంఖ్య ఇందు లెక్కకు రాదు. 3 కోట్ల 90 లక్షల జనము గల కాలిఫోర్నియాకును, 6 లక్షలైనను నిండని వయోమింగునకును ఒక్కొక్క మాటయే. 1789 మొదలు కాంగ్రెసులో 11,000 కు పైగా సవరణ ప్రతిపాదనలు వచ్చినవి. అందులో రాష్ట్రములకు పంపబడినవి 33. నెరవేరినవి 27 మాత్రమే. ఆ 27 లోను మొదటి 10 ఒక్కసారిగ 1791 లో చేరినవి.

వ్రాసిన నిబంధనయే ఈ కష్టమునకంతకు కారణమనుకొనరాదు. ఇంకొక కారణము మనుష్య స్వభావములోనే యున్నది. ఒక కోరికను మెచ్చుట వేరు, ఆ కోరికను తెలుపు మాటలను ఒప్పుకొనుట వేరు. స్త్రీపురుషులకు చట్టమునందు సమాన హక్కు లుండవలెనను సవరణము అమెరికా కాంగ్రెసులో 1923 లోనే ప్రవేశపెట్టబడెను. అది రెండు సభలను దాటి రాష్ట్రములకు పోవుటకు 1972 వరకు పట్టినది. సమానత్వమన్న మాటను బహిరంగముగ కాదన్నవారు కొద్దిమందియే. కాని ఆ వాక్యము అమలైనచో స్త్రీలను సైన్యమున చేర్చుకొనవలసి వచ్చునా, కుటుంబ చట్టము లేమగును అని చర్చ ప్రారంభమయ్యెను. పొడిగించిన గడువు 1982 లో తీరునప్పటికి 35 రాష్ట్రములే ఆమోదించి యుండెను. వానిలో కొన్ని తమ ఆమోదమును వెనుకకు తీసికొనుటకు కూడ యత్నించినవి. గడువు దాటిన చాల కాలమునకు, 2020 లో, 38వ రాష్ట్రముగ వర్జీనియా ఆమోదించినను, ఆ వాక్యమును రాజ్యాంగములో చేర్చి ప్రకటించుట జరుగలేదు. సామాన్య శాసనములో మాట తప్పిన వచ్చే సంవత్సరము దిద్దుకొనవచ్చును. రాజ్యాంగములో వ్రాసినది మనుమల కాలమునకును నిలుచును. అందుచేత జనులు ఒక్కొక్క పదమును వేయిమార్లు తిప్పి చూతురు.

ఇక ఆక్షేపణలకు వత్తము. అవి తేలికైనవి కావు. రాజ్యాంగమునకు 19 సంవత్సరములకే గడువు తీరవలెననియు, భూమి బ్రతికి యున్నవారిదే గాని గతించినవారిది కాదనియు జెఫర్సను 1789 లో మాడిసనునకు వ్రాసిన జాబులో వాదించెను. అంతకంటె బలమైన ఆక్షేపణ చరిత్రయే చెప్పుచున్నది. బానిసత్వము నిర్మూలించు 13వ సవరణము 1865 లో గాని రాలేదు. అదియు 4 సంవత్సరముల అంతర్యుద్ధములో 6 లక్షలకు పైగా సైనికులు మరణించిన తరువాత. బాలబాలికల పనిని నియమించు అధికారమును కాంగ్రెసునకిచ్చు సవరణము 1924 లో రాష్ట్రములకు పంపబడి, చాలినన్ని ఆమోదములు లేక నేటికిని నిలిచియే యున్నది. సామాన్య శాసనము 1938 లో వచ్చి, 1941 లో సుప్రీంకోర్టు దానిని సమర్థించువరకు, ఎందరో పిల్లలు బడికి పోవలసిన వయస్సులో మరమగ్గముల యొద్ద నిలిచి యుండిరి. పెద్దలు ఓపికతో చర్చింపవచ్చును. కాని పిల్లల బాల్యము వారి చర్చ ముగియువరకు ఆగి యుండదు. కష్టమైన సవరణ విధానమునకు మూల్యము కలదు. ఆ మూల్యమును తరచుగ బలహీనులే చెల్లింతురు. ఈ సత్యమును దాచి రాజ్యాంగ స్థిరత్వమును పొగడుట మాకిష్టము లేదు.

అయినను సులభ విధానమునకును మూల్యము కలదు; దానినికూడ బలహీనులే చెల్లింతురు. ఇందుకు దూరము పోనక్కరలేదు. మన భారత రాజ్యాంగము 1949 నవంబరు 26న అంగీకరింపబడి, 1950 జనవరి 26న అమలులోనికి వచ్చినది. దాని 368వ అధికరణము సవరణ విధానమును తెలుపును. పార్లమెంటులోని ప్రతి సభలోను మొత్తము సభ్యులలో సగమునకు మించినవారును, హాజరై వోటు చేసినవారిలో మూడింట రెండు వంతులకు తక్కువ కానివారును ఒప్పుకొనవలెను. రాష్ట్రపతి యెన్నిక, ఉన్నత న్యాయస్థానములు, కేంద్ర రాష్ట్రముల అధికార విభాగము వంటి కొన్ని విషయములలో సగము రాష్ట్రముల శాసనసభలు కూడ ఆమోదింపవలెను. 543 మంది సభ్యులు గల లోక్‌సభలో 272 మందికి తక్కువ కారాదు. అందరును వోటు చేసినచో 362 మంది కావలెను. అమెరికా తలుపు కంటె ఇది తేలికగ తెరచుకొను తలుపు. మొదటి సవరణము 1951 లోనే వచ్చినది. 2023 నాటికి సవరణముల సంఖ్య 106 అయినది.

27 ఎక్కడ, 106 ఎక్కడ అని వెంటనే తీర్పు చెప్పరాదు. అమెరికా రాజ్యాంగము 7 అధికరణముల చిన్న పత్రము. మనది ఆరంభముననే 395 అధికరణములును 8 అనుబంధములును గల మహాగ్రంథము. ఇతర దేశములు సామాన్య శాసనములకు విడిచిన సంగతులు పెక్కు మనవారు రాజ్యాంగములోనే చేర్చిరి. కావున తరచుగ దిద్దవలసి వచ్చుట సహజము. ఈ సౌలభ్యమువలన మేలును కలిగినది. 6 మొదలు 14 సంవత్సరముల వయస్సు గల బాలబాలికలకు విద్య ప్రాథమిక హక్కైనది 2002 నాటి 86వ సవరణమువలననే. అది 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినది.

రాజ్యాంగకర్తలు అన్నిటిని ఒకే విధముగ బిగింపలేదనుటకు మన తెలుగుదేశమే సాక్షి. రాష్ట్రముల యెల్లలు మార్చుటకును, క్రొత్త రాష్ట్రము నేర్పరచుటకును వారు సామాన్య శాసనమే చాలుననిరి. అట్టి శాసనము రాజ్యాంగ సవరణముగ పరిగణింపబడదని 4వ అధికరణములో స్పష్టముగ వ్రాసిరి. 1953 లో ఆంధ్ర రాష్ట్రమును, 2014 లో తెలంగాణమును ఈ మార్గముననే యేర్పడినవి. అమెరికాలోనన్నచో ఒక రాష్ట్రమును విభజించుటకు ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి. మన పద్ధతిని మెచ్చినవారు కలరు, నొచ్చినవారు కలరు. ఏది సులభముగ మారవలెను, ఏది కష్టముగ మారవలెనని విడదీయుటయే రాజ్యాంగ రచనలో మిక్కిలి కఠినమైన పని యని మాత్రము ఇందువలన తెలియుచున్నది.

సులభమైన తలుపు తప్పుడు వేళ తెరువబడినచో ఏమగునో 1976 లో చూచితిమి. అత్యవసర పరిస్థితి యమలులో నుండగా, ప్రతిపక్ష నాయకు లనేకులు చెరసాలలలో నుండగా, 42వ సవరణము పార్లమెంటులో నెగ్గినది. లోక్‌సభ కాలము 5 నుండి 6 సంవత్సరములకు పెరిగినది. న్యాయస్థానముల అధికారములు తగ్గింపబడినవి. అంకెలను బట్టి చూచినచో మూడింట రెండు వంతుల నియమము చక్కగ పాటింపబడినది. కాని కాదనదగినవారు కారాగారములో నున్నపుడు అంకెల నియమమునకు ఏమి విలువ? 1977 ఎన్నికలలో ప్రజలు ప్రభుత్వమును మార్చిన పిదప, 43వ, 44వ సవరణములు ఆ మార్పులలో చాలవానిని సరిదిద్దినవి.

అంతకు మూడేండ్లకు పూర్వమే, 1973 ఏప్రిల్ 24న, కేశవానంద భారతి వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పినది. 13 మంది న్యాయమూర్తులలో 7గురు ఒకవైపును 6గురు వేరొకవైపును నిలిచిరి. పార్లమెంటు రాజ్యాంగములో నే భాగమునైనను సవరింపవచ్చును గాని, దాని మౌలిక స్వరూపమును చెరుపరాదని ఆ తీర్పు సారాంశము. ఇంటి గదులు మార్చుకొనవచ్చును, పునాది పెరికివేయరాదు. ప్రజలెన్నుకొనని న్యాయమూర్తులు ఇట్టి హద్దు గీయుట తగునా యని కొందరు విద్వాంసులు నేటికిని ప్రశ్నించుచున్నారు. ఆ ప్రశ్నయు విచారింపదగినదే. అయినను 1976 అనుభవమును తలచినపుడు ఆ హద్దు లేకున్న బాగుండెడిదని చెప్పుటకు మాకు నోరాడదు.

ఈ కష్టము ఎవరికొరకు? సంఖ్యాబలము గలవారికి రాజ్యాంగ రక్షణ అంతగ అవసరము లేదు. వారి వోటే వారికి రక్షణ. తక్కువ సంఖ్య గలవారికే అది కావలెను. ఆంధ్రప్రదేశమునుండి 25 మందియు, తెలంగాణమునుండి 17 మందియు, మొత్తము 42 మంది లోక్‌సభలో కూర్చుందురు. 543 లో 42 ఎంత? తెలుగువారందరు ఏకమైనను ఒక సామాన్య శాసనమును తమ వోట్లతోనే ఆపలేరు. భాషచేత గాని మతముచేత గాని అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాలయములను స్థాపించి నడుపుకొనవచ్చునని 30వ అధికరణము చెప్పుచున్నది. తమిళనాటను, ఒడిశాలోను నివసించు తెలుగువారి కది భాషనుబట్టి వర్తించును. మా పాఠశాల వంటివానికి మతమునుబట్టి వర్తించును. అట్టి హక్కు ఒక్క వోటు అధిక్యముతో పోగలదైనచో అది హక్కు కాదు, పై వారి దయ. దయ యెంత గొప్పదైనను దానిని నమ్ముకొని పునాదిరాయి వేయుటకు ఎవరికిని ధైర్యము చాలదు.

కష్టమువలన కలుగు మరియొక మేలు కలదు. అది బలవంతుని చేత బలహీనుని తలుపు తట్టించును. వస్తువులపైని, సేవలపైని దేశమంతట ఒకే పన్ను పద్ధతి తెచ్చుటకు 2011 లో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు నెగ్గలేదు. తమ రాబడి పోవునని రాష్ట్రములు భయపడినవి. వాని సమ్మతి లేక పని జరుగదు గనుక కేంద్రము వానితో కూర్చుండి మాటాడవలసి వచ్చెను. తుదకు 2016 లో 101వ సవరణము నెరవేరినపుడు, రాష్ట్రముల నష్టమును 5 సంవత్సరముల వరకు భర్తీ చేయు ఏర్పాటు అందులోనే చేరినది. సామాన్య శాసనమే చాలియుండినచో ఈ ఏర్పాటు కలిగెడిదో లేదో చెప్పజాలము. కష్టము వారిని మాటలాడించినది. మాటలు వారిని దగ్గరచేసినవి.

నిజమైన ఏకాభిప్రాయ మున్నపుడు కష్టమైన తలుపు కూడ త్వరగనే తెరచుకొనును. 18 సంవత్సరములు నిండినవారికి వోటు హక్కునిచ్చు 26వ సవరణమును అమెరికా రాష్ట్రములు 1971 లో సుమారు 100 దినములలో ధ్రువపరచినవి. వియత్నాము యుద్ధమునకు పంపబడు యువకునికి వోటు లేకుండుట అన్యాయమని దేశమంతయు గ్రహించినది. మన దేశమునను 61వ సవరణము 1989 లో అదే హక్కును 18 ఏండ్లవారికి ఇచ్చినది. ఆస్ట్రేలియాలో సవరణమునకు దేశమంతటి వోటరులలో నెక్కువమందియు, 6 రాష్ట్రములలో కనీసము 4 రాష్ట్రములును ఒప్పుకొనవలెను. 2023 నాటికి 45 ప్రతిపాదనలలో 8 మాత్రమే నెగ్గినవి. అయినను 1967 లో ఆదిమవాసులను జనాభా లెక్కలలో చేర్చుటకును, వారి విషయమున శాసనములు చేయు అధికారమును కేంద్రమున కిచ్చుటకును నూటికి 90 మందికి పైగా సరేయనిరి. తలుపు బిగువు ఒకటే. త్రోయు చేతుల సంఖ్య వేరు.

ఒక్క చేయి మాత్రమే యున్నచో? విద్యార్థులు ఈ వృత్తాంతమును జ్ఞప్తియందుంచుకొనవలెనని మా కోరిక. కాంగ్రెసు సభ్యులు తమ జీతమును మార్చుకొన్నచో, ఆ మార్పు మరుసటి ప్రతినిధుల సభ యెన్నిక జరిగిన తరువాతనే అమలులోనికి రావలెనను సవరణము 1789 లో రాష్ట్రములకు పంపబడినది. చాలినన్ని రాష్ట్రములు ఒప్పుకొనక అది మూలబడినది. 1982 లో టెక్సాసు విశ్వవిద్యాలయ విద్యార్థి గ్రెగరీ వాట్సన్ దానిపై నొక వ్యాసము వ్రాసి, దానికి గడువు లేదు గనుక ఇప్పటికిని ధ్రువపరుపవచ్చునని వాదించెను. ఉపాధ్యాయురాలు దానికి సామాన్యమైన మార్కు వేసెను. అతడు నిరుత్సాహపడక రాష్ట్ర శాసనసభ్యులకు జాబులు వ్రాయ నారంభించెను. ఒక్కొక్క రాష్ట్రమే కదలినది. 1992 మే నెలలో ఆ వాక్యము 27వ సవరణముగ రాజ్యాంగములో చేరినది. ప్రతిపాదించిన 202 సంవత్సరములకు! 2017 లో విశ్వవిద్యాలయము అతని మార్కును కూడ దిద్ది, ఉత్తమ శ్రేణిగ మార్చినది. రాజ్యాంగమును దిద్దుటకంటె మార్కును దిద్దించుకొనుటకే అతనికి ఎక్కువ కాలము పట్టినదని చదువరులు నవ్వుకొనవచ్చును.

కావున మా యభిప్రాయ మిది. రాజ్యాంగము మూతపడిన పెట్టె కారాదు. తలుపే లేని సత్రమును కారాదు. దానికి తలుపుండవలెను, తలుపునకు గడియ యుండవలెను, ఆ గడియ అనేకుల చేతులు కలిసిననే తీయరావలెను. ఈ ఆలస్యమువలన నష్టపడువారు కలరు గనుక, ఆలస్యమును నెపముగ జేసికొని న్యాయమును వాయిదా వేయరాదు. సామాన్య శాసనముచేత నేడే చేయగల మేలును నేడే చేయవలెను. రాజ్యాంగమును మార్పదలచినవారు మాత్రము మా సంఖ్య చాలునా యని ఊరకుండక, మాతో నేకీభవింపని వానియొద్దకు పోయితిమా, వాని భయమును వింటిమా, వానికి సమాధానము చెప్పితిమా యని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. బాలబాలికలారా, మీ తరగతి సంఘములలోను, ఆటల జట్టులలోను నియమములు మార్చునపుడు ఈ అలవాటును నేర్చుకొనుడు. చేతులెత్తించి లెక్కపెట్టుటకు ముందు, చేయి యెత్తనివానిని ఎందుకని యడుగుడు. 18 ఏండ్లు నిండి మీరు వోటు వేయునాటికి ఈ అలవాటు మీలో నాటుకొని యున్నచో, మన రాజ్యాంగమును కాపాడుటకు అంతకంటె మంచి కావలి మాకు తోచుట లేదు.